గదికి చల్లదనమా, మనిషికా?

విశాఖపట్నం నుంచో కాకినాడ నుంచో జంషెడ్‌పూర్‌కు బదిలీ మీద వచ్చిన కుటుంబానికి మొదటి వేసవిలోనే ఒక వింత తెలుస్తుంది. అక్కడ ఎందుకూ పనికిరాదని అటకెక్కించిన ఎయిర్ కూలరు ఇక్కడ ఏప్రిల్, మే నెలల్లో గదిని హాయిగా చల్లబరుస్తుంది. తీరా జూలై వచ్చేసరికి అదే గది, అదే కూలరు, అయినా ఒళ్లంతా జిడ్డు, చికాకు. కూలరు పాడైందనుకుని మెకానిక్‌ను పిలిచేవాళ్లూ ఉన్నారు. మారింది కూలరు కాదు, గాలి.

దీని వెనక ఉన్నది మట్టికుండలో నీళ్లు చల్లబడే సూత్రమే. ఒక లీటరు నీరు ఆవిరి కావాలంటే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి కావాలి. కరెంటు బిల్లు లెక్కలో చెప్పాలంటే ఒక యూనిట్‌లో మూడింట రెండు వంతులు. ఆ వేడిని నీరు చుట్టూ ఉన్న గాలి నుంచి లాక్కుంటుంది. ఛోటానాగ్‌పూర్ ప్రాంతంలో మే నెల గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీటిని ఆత్రంగా పీల్చుకుంటుంది. సముద్రం పక్కన గాలి అప్పటికే తడిసి ఉంటుంది, ఇంకేం పీల్చుకుంటుంది? వానలు మొదలయ్యాక జంషెడ్‌పూర్‌లోనూ అంతే. మన తాతల కాలంలో కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవారు. దానికి మోటారు, ఫ్యాను తగిలిస్తే కూలరు అయింది.

ఈ చిన్న సంగతితో మొదలుపెట్టడానికి కారణం ఉంది. సౌకర్యం పేరుతో, వినోదం పేరుతో ఇప్పుడు మన ఇళ్లలోకి వస్తున్న వస్తువులు చాలా ఉన్నాయి: ఇన్వర్టర్ ఏసీలు, తక్కువ కరెంటు ఫ్యాన్లు, మెడలో వేసుకునే ఫ్యాన్లు, చుట్టూ ఉన్న రొదను మింగేసే హెడ్‌ఫోన్లు, కళ్లకు కట్టుకుంటే వేరే లోకంలోకి తీసుకుపోయే వీఆర్ హెడ్‌సెట్లు. దుకాణంలో వీటి గురించి చెప్పేవన్నీ యంత్రం గుణాలే. ఆ యంత్రం మన శరీరంలో దేనితో వ్యవహరిస్తోంది, మన ఊరి గాలిలో ఎలా ఉంటుంది, మన ఇంట్లో ఎవరికి ఉపయోగం అన్నవి మనమే అడగాలి. వీటన్నిటిలోనూ ఒకే ప్రయాణం కనిపిస్తుంది. సౌకర్యం గది నుంచి మనిషికి దగ్గరవుతోంది. వినోదం మైదానం నుంచి హాలుకు, హాలు నుంచి ఇంటికి, ఇంటి నుంచి ఒకే ఒక్క జత కళ్లకు చేరుతోంది. మొదటి ప్రయాణం మంచిదని నా అభిప్రాయం. రెండోదాని విషయంలో కాస్త ఆగి చూడమంటాను.

ఆరు విషయాలు, ఒక రిమోట్

ఏ బ్రాంచిలోనైనా వేసవిలో ఏసీ రిమోట్ ఎవరి దగ్గర ఉండాలన్నది చిన్న సమస్యేమీ కాదు. గాలి సూటిగా తగిలే చోట కూర్చున్న క్లర్కు శాలువా కప్పుకుంటారు. తలుపు దగ్గర కౌంటరులో ఉన్నవారు చెమటలు కక్కుతుంటారు. మేనేజరు క్యాబిన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అందరికీ ఒకే ఉష్ణోగ్రత కుదరదని మనకు అనుభవంలో తెలిసిందే. డెన్మార్క్ ఇంజినీరు ఫాంగర్ 1970లో వచ్చిన తన పుస్తకంలో దీన్ని శాస్త్రంగా కూర్చాడు. మనిషికి హాయిగా అనిపించడం ఆరు విషయాల మీద ఆధారపడి ఉంటుందన్నాడు. గాలి వేడి, చుట్టూ ఉన్న గోడలు, కప్పు వెదజల్లే వేడి, గాలిలో తేమ, గాలి వేగం, వేసుకున్న బట్టలు, శరీరం చేస్తున్న పని. రిమోట్ మీద కనిపించే అంకె ఈ ఆరింటిలో ఒక్కటి మాత్రమే. మేడపైన చివరి అంతస్తు ఫ్లాట్‌లో ఏసీ 22 మీద పెట్టినా ఉక్కగా ఎందుకుంటుందంటే, రెండో విషయం అక్కడ ఎదురు తిరుగుతుంది. పగలంతా కాగిన కప్పు రాత్రి పదింటి దాకా మన నెత్తిన వేడి కురిపిస్తూనే ఉంటుంది.

మన తెలుగు నేల మీద జరిగిన ఒక పరిశోధన గురించి ఇక్కడ చెప్పాలి. మాధవి ఇంద్రగంటి అనే పరిశోధకురాలు 2008 వేసవి, వర్షాకాలాల్లో హైదరాబాద్ అపార్ట్‌మెంట్లకు వెళ్లి, అక్కడ నివసించేవాళ్లను నేరుగా అడిగి, అదే సమయంలో గదిలో వేడి, తేమ, గాలి వేగం కొలిచారు. అప్పటి జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం మనిషికి హాయిగా ఉండే ఉష్ణోగ్రత 23 నుంచి 26 డిగ్రీలు. ఆమెకు తేలింది వేరు. ఆ ఇళ్లలోని వాళ్లకు అటు వేడీ ఇటు చలీ కాకుండా అనిపించిన ఉష్ణోగ్రత సుమారు 29 డిగ్రీలు. హాయిగా ఉందని చెప్పిన మేర 26 నుంచి 32 దాటే దాకా ఉంది. పలచని నూలు బట్టలు, తిరిగే ఫ్యాను, తెరిచిన కిటికీ, వేడికి అలవాటైన ఒళ్లు, వీటన్నిటి ఫలితమది. చలి దేశాల ఆఫీసుల కోసం పుట్టిన అంకెలను మన ఇళ్ల మీద రుద్దితే కరెంటు వృథా తప్ప ఒరిగేదేమీ లేదు.

ఒంటికి తగిలే గాలి వేగం పెరిగితే రెండు మూడు డిగ్రీలు తగ్గినట్టే అనిపిస్తుంది. అందుకే ఏసీని 26, 27 మీద ఉంచి ఫ్యాను వేసుకోవడం 20 మీద పెట్టి దుప్పటి కప్పుకోవడం కంటే తెలివైన పని. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 27 డిగ్రీలూ ఫ్యానూ కలిపి వాడమనే చెబుతోంది. మన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ లెక్కలో ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా. 2020 జనవరి నుంచి స్టార్ గుర్తున్న గది ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలన్న నిబంధన అందుకే వచ్చింది.

అయితే ఫ్యానుకూ ఒక హద్దుంది. గాలి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను ఒంటిని చల్లబరచదు, పైగా వేడెక్కిస్తుందని అదే సంస్థ హెచ్చరిస్తోంది. పొయ్యి మీద నుంచి వచ్చే గాలికి ఎదురు నిలబడడం లాంటిదే అది. జంషెడ్‌పూర్‌లో మే నెల మధ్యాహ్నాలు ఆ హద్దు దాటడం కొత్త కాదు. ఈ వ్యాసం చదివే ప్రతి ఇంటినీ నేనడగాలనుకున్నది ఇదే: మధ్యాహ్నం రెండు గంటలకు మీ ఇంట్లో ఎవరుంటారు? మనం బ్యాంకులో ఏసీ కింద ఉంటాం. పిల్లలు బడిలోనో కోచింగ్‌లోనో ఉంటారు. ఇంట్లో ఉండేది నాన్నగారో, అత్తయ్యగారో. బిల్లు పెరుగుతుందని వాళ్లు ఏసీ వేసుకోరు. "మాకు అలవాటేలే" అంటారు. వయసు పెరిగేకొద్దీ దాహం సరిగ్గా తెలియదు, చెమట సరిగ్గా పట్టదు. వాడే మందులు కొన్ని దీన్ని ఇంకా కష్టం చేస్తాయి. వాళ్లకు అలవాటే అన్నది నిజమే, వాళ్ల గుండెకూ కిడ్నీకీ ఆ అలవాటు లేదు. కొనబోయే ఏసీ మన పడకగదిలో ఉండాలా, పెద్దవాళ్లు పగలు గడిపే గదిలో ఉండాలా అన్నది ఈ లెక్కలోంచి తేల్చుకోండి. పెట్టాక రిమోట్ వాళ్ల చేతికివ్వండి. ఏ మీట నొక్కాలో తెలుగులో రాసి వెనక అంటించండి. నెలకు ఎంతవుతుందో ముందే చెప్పి, ఆ బెంగ తీర్చండి.

లేబులు చదవడం

ఏసీ 1902లో పుట్టింది మనుషుల కోసం కాదు. న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో తేమకు కాగితం సాగి రంగులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా పడకపోతుంటే, విల్లిస్ క్యారియర్ అనే యువ ఇంజినీరు గాలిలో తేమను అదుపు చేసే యంత్రాన్ని రూపొందించాడు. మనుషులకు హాయి తర్వాత వచ్చిన కొసరు. వానాకాలంలో మనకు ఏసీ అంత సుఖంగా అనిపించడానికి కారణం కూడా అదే, అది గాలిలో నీటిని పిండేస్తుంది. కూలరు నీటిని కలుపుతుంది, ఏసీ తీసేస్తుంది. రెండూ ఒకే గదిలో ఒకేసారి వేసేవాళ్లకు ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

టన్ను అన్నమాట కూడా చాలామందికి అయోమయమే. అది యంత్రం బరువు కాదు. ఒక అమెరికన్ టన్ను, అంటే దాదాపు 907 కిలోల మంచు, ఒక రోజులో కరుగుతూ ఎంత వేడిని పీల్చుకుంటుందో అంత వేడిని గది నుంచి బయటికి తోసే శక్తి. ఐస్ దిమ్మలతో చల్లబరచిన రోజుల నుంచి మిగిలిపోయిన కొలత. 120 చదరపు అడుగుల గదికి ఒక టన్ను సరిపోతుంది. చివరి అంతస్తు అయితే, పడమటి గోడ అయితే ఒకటిన్నర చూసుకోవచ్చు.

ఇన్వర్టర్ అంటే కరెంటు పోయినప్పుడు నడిచేదని పొరబడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పాత ఏసీలో కంప్రెసర్ పూర్తి వేగంతో తిరుగుతుంది, లేదంటే ఆగిపోతుంది. ఇన్వర్టర్ ఏసీలో గది చల్లబడ్డాక కంప్రెసర్ వేగం తగ్గించుకుని నెమ్మదిగా నడుస్తుంది. ఘాట్ రోడ్డులో బండిని ఆపి ఆపి నడపడానికీ, ఒకే వేగంతో నడపడానికీ ఉన్న తేడా ఇది. ఇక స్టార్ లేబుల్ మీద నక్షత్రాల కంటే ముందు చూడాల్సినవి రెండు. ఒకటి లేబుల్ ఏ ఏడాదిది అన్నది. నక్షత్రాల కొలమానాన్ని కొన్నేళ్లకోసారి కఠినం చేస్తారు కాబట్టి పాత ఐదు స్టార్లు కొత్త లెక్కలో తక్కువ కావచ్చు. రెండోది ఏడాదికి ఎన్ని యూనిట్లు అన్న అంకె. అది 1,600 గంటల వాడకానికి వేసిన లెక్క. రెండు మోడళ్ల మధ్య ఆ అంకెలో తేడా 250 యూనిట్లు అనుకుందాం. మీరు నాలుగు నెలలు రోజుకు ఎనిమిది గంటలు వాడితే అది 960 గంటలే. అప్పుడు తేడా 150 యూనిట్లు, యూనిట్ ఆరు రూపాయల చొప్పున ఏడాదికి 900. ఖరీదైన మోడల్‌కు మీరు అదనంగా ఇస్తున్నది 5,000 అయితే అది వెనక్కి రావడానికి ఐదేళ్లకు పైగా పడుతుంది. పగలూ రాత్రీ వాడే ఇల్లయితే లెక్క తిరగబడుతుంది. అందరికీ ఐదు స్టార్లే మంచిదన్నది దుకాణదారు సూత్రం.

నిజంగా డబ్బు ఆదా చేసేది ఏసీ కంటే ఫ్యాను. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తింటే, బీఎల్‌డీసీ మోటారు ఫ్యాను 30 వాట్ల చుట్టుపక్కలే తింటుంది. రోజుకు 15 గంటలు, ఏడాదిలో ఎనిమిది నెలలు తిరిగిందనుకుంటే ఒక్క ఫ్యాను మీద 162 యూనిట్లు మిగులుతాయి. అదే ఆరు రూపాయల లెక్కలో 972 రూపాయలు. ఇంట్లో నాలుగు ఫ్యాన్లుంటే మీరే గుణించుకోండి. ఈ మోటారులో రాపిడితో కరెంటు అందించే బ్రష్షులుండవు, శాశ్వత అయస్కాంతాలుంటాయి. ఎలక్ట్రానిక్ బోర్డు దాన్ని తిప్పుతుంది. లోపమల్లా ఆ బోర్డే. ఓల్టేజీ ఎగుడుదిగుడులకు పోతే వీధి చివరి మెకానిక్ బాగుచేయలేడు. కాబట్టి వారంటీ ఎన్నేళ్లో, మీ ఊళ్లో సర్వీస్ సెంటరు ఉందో లేదో చూసి కొనండి. మనలాంటి బదిలీ ఉద్యోగులకు ఇది మరీ ముఖ్యం.

మెడ ఫ్యాన్లు, చల్లని పలకలు

గది వదిలేసి మనిషినే చల్లబరిచే వస్తువుల్లో జపాన్‌ది పైచేయి. అక్కడ కట్టడాల కూలీలు చిన్న ఫ్యాన్లు కుట్టిన కోట్లు వేసుకుంటారు. 2020లో సోనీ సంస్థ మెడ వెనక పెట్టుకునే చల్లని పలకను అమ్మకానికి తెచ్చింది. దాని వెనక ఉన్న సూత్రం 1834లో ఫ్రాన్స్‌కు చెందిన పెల్టియే కనిపెట్టినది: రెండు వేర్వేరు లోహాల అతుకు గుండా కరెంటు పంపితే ఒక వైపు చల్లబడుతుంది, రెండో వైపు వేడెక్కుతుంది. కార్లలో పెట్టుకునే చిన్న ఫ్రిజ్‌లూ ఇదే. వాడిన కరెంటుకు దక్కే చల్లదనం తక్కువ కాబట్టి గదికి పనికిరాదు, అరచేతి వెడల్పు చర్మానికి చాలు. సాక్చి బజారులో అమ్మే మెడ ఫ్యాన్లు ఇంతకంటే సాదా సరుకు, కేవలం గాలి విసురుతాయి. బస్సు కోసం నిలబడడానికి, వంటింట్లో గంటసేపు నిలబడే వాళ్లకు మంచివే. వంటింటి సంగతి కాస్త నొక్కి చెబుతున్నాను. ఏ ఇంట్లోనైనా అన్నిటికంటే వేడి గది అదే, ఏసీ లేని గదీ అదే. స్టవ్ మంట ఆరిపోతుందని ఫ్యాను కూడా వేయరు.

వాయిదాల మాట

మనం బ్యాంకు కుటుంబాల వాళ్లం కాబట్టి వాయిదాల గురించి ఇంకెవరో చెబితే వినాల్సిన పని లేదు. అయినా పండగ ప్రకటనల ముందు మనమూ మామూలు మనుషులమే. వడ్డీ లేని ఈఎంఐ అన్నది ఎలా నడుస్తుందో ఇంట్లోవాళ్లకు ఒకసారి వివరంగా చెప్పండి. నగదుకు 40,000కే ఇచ్చే ఏసీని, నెలకు 3,500 చొప్పున 12 నెలలు కట్టమంటే మొత్తం 42,000. రాకుండా పోయిన 2,000 తగ్గింపే వడ్డీ. తగ్గుతూ పోయే బాకీ మీద లెక్కవేస్తే అది ఏడాదికి సుమారు 9 శాతం. దానికి ప్రాసెసింగ్ ఫీజు, కార్డు అయితే వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ తోడవుతాయి. సున్నా శాతం వడ్డీ అన్న భావనే లేదని రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబరులోనే స్పష్టం చేసింది. 9 శాతం ఘోరమైన రేటేమీ కాదు, తెలిసి కట్టడం వేరు, ఉచితం అనుకుని కట్టడం వేరు. ఇంకొకటి: 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద, పెద్ద టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పాత ధర కొట్టేసి కొత్త ధర రాసి 'భారీ తగ్గింపు' అంటే, అందులో పన్ను వాటా ఎంతో అడగండి.

మైదానం నుంచి కళ్లద్దాల దాకా

ఇక వినోదం. ఎంబీఏ చదివినవాళ్లకు పైన్, గిల్మోర్ అనే ఇద్దరి పేర్లు గుర్తుండే ఉంటాయి. 1998లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో 'అనుభవాల ఆర్థిక వ్యవస్థ' గురించి రాశారు. సరుకు, వస్తువు, సేవ తర్వాత ఇక అమ్ముడుపోయేది అనుభవమే అన్నారు. అందులో ఒక చక్కని విభజన ఉంది. కొన్ని అనుభవాలను మనం మనలోకి తీసుకుంటాం, కొన్నిటిలోకి మనమే వెళ్తాం. మ్యాచ్ టీవీలో చూడటం మొదటిది. కీనన్ స్టేడియంలో జనం మధ్య, ఎండలో, అరుపుల్లో నిలబడి చూడటం రెండోది. సాంకేతికత అంతా ఇప్పుడు ఆ రెండోదాన్ని మొదటిదాని ధరకు ఇవ్వాలని చూస్తోంది.

జంషెడ్‌పూర్‌కు ఈ రెండో రకం అనుభవం పాతదే. 1958లో నెహ్రూ ప్రారంభించిన జూబిలీ పార్కు, మార్చి 3న జంషెట్‌జీ టాటా జయంతికి దీపాలతో వెలిగిపోతుంది. ఊరు ఊరంతా కదిలి వస్తుంది. ఏ చెట్టు కింద నిలబడ్డా చుట్టూ వెలుగే. బిష్టుపూర్ ఆంధ్ర భక్త శ్రీరామ మందిరంలో బ్రహ్మోత్సవాలప్పుడు నాదస్వరం, పూల వాసన, ప్రసాదం రుచి, జనం తోపులాట కలిసి ఇచ్చేదీ అదే. ఐదు ఇంద్రియాలూ పనిచేస్తాయి, తలకు ఏదీ తగిలించుకోనక్కర్లేదు.

మన సినిమా కూడా దీని వెంట నడుస్తూనే వచ్చింది. 1974లో అల్లూరి సీతారామరాజు సినిమాస్కోప్‌తో తెరను వెడల్పు చేసింది. 1986లో సింహాసనం 70 ఎంఎం, ఆరు ట్రాకుల ధ్వని తెచ్చింది. ఈ రెండింటి వెనకా ఉన్నది కృష్ణగారే. 1984లో మలయాళంలో వచ్చిన తొలి భారతీయ త్రీడీ చిత్రం తెలుగులో చిన్నారి చేతనగా వచ్చినప్పుడు, తెరలోంచి ముఖం మీదికి వస్తున్న వస్తువులను పట్టుకోవడానికి చేతులు చాచిన పిల్లలు ఇప్పుడు రిటైర్‌మెంట్‌కు దగ్గర్లో ఉన్నారు. హైదరాబాద్‌లో 2003లో ప్రసాద్స్ ఐమ్యాక్స్ తెర 72 అడుగుల ఎత్తు, 95 అడుగుల వెడల్పుతో వచ్చింది. తెర ఎంత పెద్దదైతే దాని అంచులు కంటికి అంత తక్కువ కనిపిస్తాయి. అంచు కనిపించకపోతే అది తెర అని మెదడు మరిచిపోతుంది. పెద్ద తెర రహస్యమంతా ఇంతే.

వీఆర్ హెడ్‌సెట్ చేసేది, ఆ అంచును పూర్తిగా తీసేయడం. తెరను కంటికి అంగుళాల దూరంలో పెట్టి, మధ్యలో కటకాలు ఉంచి, రెండు కళ్లకు రెండు కొద్ది తేడా ఉన్న బొమ్మలు చూపిస్తుంది. త్రీడీ సినిమా కిటుకే. కొత్తదనం ఎక్కడంటే, మీరు తల తిప్పితే బొమ్మ కూడా దానికి తగ్గట్టు తిరుగుతుంది. 1968లో ఐవాన్ సదర్‌లాండ్ మొదటిసారి చేసిన అలాంటి పరికరం ఎంత బరువంటే, దాన్ని పైకప్పు నుంచి వేలాడదీయాల్సి వచ్చింది. నెత్తి మీద వేలాడే డామొక్లీస్ కత్తి అన్న పేరుతో అది ప్రసిద్ధమైంది. 2017లో రాజమౌళి బృందం బాహుబలి లోకాన్ని వీఆర్‌లో చూపిస్తూ చేసిన చిత్రానికి 'ది స్వోర్డ్ ఆఫ్ బాహుబలి' అని పేరు పెట్టడం యాదృచ్ఛికమే అయినా, యాభై ఏళ్లలో కత్తి నుంచి కత్తికి చేరామన్నమాట. 2024 ఫిబ్రవరిలో అమెరికాలో అమ్మకానికి వచ్చిన యాపిల్ విజన్ ప్రో ధర 3,499 డాలర్లు. బరువు ఇంకా అర కిలోకు పైనే. మెడ నొప్పి ఉన్నవాళ్లు ఈ అంకెను గమనించాలి.

మరి కళ్లు ఎందుకు తిరుగుతాయి? లోపలి చెవిలో మన సమతుల్యతను చూసే భాగం ఒకటుంది. హెడ్‌సెట్‌లో రోలర్ కోస్టర్ ఎక్కితే కన్ను పరుగెడుతున్నానంటుంది, చెవి కుర్చీలో కూర్చున్నానంటుంది. రెండు రిజిస్టర్లూ సరిపోలనప్పుడు మనం సాయంత్రం ఇంటికి వెళ్లలేం, మెదడుదీ అదే ఇబ్బంది. ఘాట్ రోడ్డు బస్సులో పుస్తకం చదివితే వచ్చే వికారమే ఇది, తలకిందులుగా. తల తిప్పిన తర్వాత బొమ్మ మారడానికి 20 మిల్లీసెకన్లకు మించి పడితే ఇబ్బంది పెరుగుతుంది. కంటికి ఇంకో చిక్కు: దగ్గరి వస్తువును చూడాలంటే రెండు కళ్లూ లోపలికి తిరుగుతాయి, అదే సమయంలో కంటిలోని కటకం కూడా దగ్గరికి సరిచేసుకుంటుంది. పుట్టినప్పటి నుంచి ఈ రెండూ జతగా పనిచేస్తాయి. హెడ్‌సెట్‌లో తెర ఎప్పుడూ ఒకే దూరంలో ఉన్నట్టుంటుంది కాబట్టి ఆ జత విడిపోతుంది, కళ్లు అలసిపోతాయి. మెటా సంస్థ తన హెడ్‌సెట్లను పదేళ్లలోపు పిల్లలకు కాదంటోంది. 10 నుంచి 12 ఏళ్లవారికి తల్లిదండ్రుల అదుపులో ఉన్న ఖాతా తప్పనిసరి. తయారీదారే గీసిన గీత ఇది. దాన్ని దాటడానికి పిల్లవాడి పుట్టిన తేదీ మార్చి రాసే పని మనం చేయకూడదు. కేవైసీ గురించి ఖాతాదారులకు చెప్పే మనకు ఈ మాత్రం తెలుసు.

వీఆర్‌కు వ్యతిరేకంగా రాస్తున్నానని అనుకోవద్దు. దాని శక్తి ఎంతటిదో చెప్పే ఉదాహరణ ఒకటుంది. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హంటర్ హాఫ్‌మన్, ఆయన సహచరులు కాలిన గాయాల రోగుల కోసం స్నోవరల్డ్ అనే వీఆర్ ఆట తయారుచేశారు. కట్టు మార్చే సమయంలో నొప్పి భరించరానిది. ఆ సమయంలో రోగి హెడ్‌సెట్ పెట్టుకుని మంచు లోయలో బొమ్మల మీద మంచు ఉండలు విసురుతుంటాడు. నొప్పి తగ్గిందని రోగులే చెప్పారు. మెదడు ధ్యాస ఒక చోట పూర్తిగా చిక్కుకుంటే నొప్పికి మిగిలే ధ్యాస తక్కువ. 1500 డిగ్రీలకు పైన లోహం కరిగించే ఊళ్లో కాలిన గాయం అంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

అదే శక్తికి రెండో ముఖం ఉంది. అంతగా ధ్యాసను లాగేసే వస్తువు పెట్టుకున్నవాడు ఆ గదిలో లేనట్టే. పక్క గదిలో నాయనమ్మ పిలిస్తే వినిపించదు, డోర్ బెల్ వినిపించదు, తన చేయి టీపాయ్ గాజుకు తగలబోతోందని తెలియదు. కాబట్టి నా మటుకు నేను చల్లదనాన్ని మనిషికి ఎంత దగ్గర చేస్తే అంత మంచిదంటాను. వినోదాన్ని మాత్రం వీలైనంతవరకు గదిలోనే, నలుగురి మధ్యే ఉంచమంటాను. హెడ్‌సెట్ డబ్బుతో మంచి టీవీ, దానికి సౌండ్‌బారు వస్తే ఐదుగురు చూస్తారు. కొనే తీరతామంటే, హెడ్‌సెట్‌లో కనిపించేది టీవీ మీదా కనిపించేలా పెట్టండి, మిగతావాళ్లు ప్రేక్షకులవుతారు. ప్రయాణం చేయలేని పెద్దవాళ్లకు కాశీ ఘాట్లో, పుట్టిన ఊరో చూపించాలనుకుంటే, చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టి, కదలని దృశ్యాలతో మొదలుపెట్టి, ఐదు పది నిమిషాలతో ఆపండి. మూర్ఛ వ్యాధి ఉన్నవారికి, తల తిరిగే జబ్బుకు మందులు వాడేవారికి డాక్టరును అడగకుండా పెట్టొద్దు.

చివరగా చెవుల సంగతి. శబ్దాన్ని శబ్దంతోనే చంపవచ్చన్న ఆలోచనను హెడ్‌ఫోన్లలోకి తెచ్చినవాడు అమర్ బోస్. బెంగాల్ నుంచి అమెరికా వెళ్లిన స్వాతంత్ర్య సమరయోధుడి కొడుకు. 1978లో జూరిచ్ నుంచి తిరిగి వస్తున్న విమానంలో ఇంజిన్ రొదకు సంగీతం వినలేక అక్కడే లెక్కలు మొదలుపెట్టాడని చెబుతారు. చిన్న మైకు బయటి శబ్దతరంగాన్ని పట్టుకుంటుంది, దానికి సరిగ్గా తలకిందులైన తరంగాన్ని హెడ్‌ఫోన్ పుట్టిస్తుంది. జమ, ఖర్చు సమానమైతే నిల్వ సున్నా. ఎడతెగని రొదకు, అంటే కూలరు, రైలు, జనరేటరు చప్పుడుకు ఇది బాగా పనిచేస్తుంది. ప్రెషర్ కుక్కర్ కూతకు పనిచేయదు. దీని అసలు లాభం నిశ్శబ్దం కంటే ఇంకొకటి: బయటి రొద తగ్గితే లోపలి వాల్యూమ్ పెంచక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దలు 80 డెసిబెల్‌ల వద్ద వారానికి 40 గంటలు వినవచ్చు. 90కి పెంచితే వారానికి నాలుగు గంటలే. పిల్లలకు 40 గంటల హద్దు 75 డెసిబెల్‌ల దగ్గరే. చాలా ఫోన్లలో హెడ్‌ఫోన్ శబ్దం ఎంత ఉందో చూపించే సెట్టింగ్, ఒక హద్దు దాటకుండా ఆపే సెట్టింగ్ ఉన్నాయి. ఈ ఆదివారం పిల్లల ఫోన్ అడిగి తీసుకుని, సౌండ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి వాళ్లతో కలిసి ఆ హద్దు పెట్టండి. తర్వాత మీ ఫోన్ కూడా వాళ్ల చేతికివ్వండి.